అగ్నినిరోధక వృక్షజాతులు

అగ్నినిరోధక వృక్షజాతులు అనగా సులభంగా అంటుకోని, అంటుకున్నా మంటను నెమ్మదిగా మాత్రమే వ్యాపింపజేసే చెట్ల జాతులు. కార్చిచ్చు వేగాన్ని తగ్గించడానికి వీటిని అడవులలోనూ, గ్రామాల అంచులలోనూ పట్టీలుగా నాటుతారు. అడవిలో చెట్లు నరికి శుభ్రం చేసిన ఖాళీ పట్టీలను ఫైర్ లైన్లు అంటారు. ఆ స్థానంలో ఇటువంటి చెట్లను పెంచితే వాటిని పచ్చని ఫైర్ లైన్లుగా వ్యవహరిస్తారు. అయితే ఏ చెట్టూ పూర్తిగా మంటకు అతీతం కాదు. తగినంత వేడి, సమయం లభిస్తే పచ్చని చెట్టు కూడా కాలుతుంది.

నిరోధించడం, తట్టుకోవడం

మంటను తట్టుకొని బ్రతకడం వేరు, మంటను నెమ్మదింపజేయడం వేరు. యూకలిప్టస్ (జామాయిల్, నీలగిరి) జాతులలో అనేకం కాలిన తరువాత తిరిగి చిగురిస్తాయి. కాని వాటి ఆకులలోని తైలం మంటను పెంచుతుంది. ఊడి వ్రేలాడే బెరడు నిప్పురవ్వలై గాలికి దూరంగా ఎగిరిపడుతుంది. అందువల్ల అవి మంటను తట్టుకునేవే కాని నిరోధించేవి కావు.

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో పోర్చుగల్ అనుభవం తెలుపుతుంది. 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాండే ప్రాంతంలో యూకలిప్టస్, పైన్ చెట్లు విస్తారంగా ఉన్న చోట రేగిన కార్చిచ్చులో 66 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది రోడ్డు మీద తప్పించుకొనిపోతూ మంటలలో చిక్కుకున్నవారే. అదే సంవత్సరం ఆ దేశం కొత్తగా యూకలిప్టస్ తోటలు వేయడంపై చట్టం ద్వారా ఆంక్షలు విధించింది.

ఎంపికలో చూడవలసిన లక్షణాలు

* వేసవిలో కూడా ఆకులలో తేమ నిలిచి ఉండాలి. ఆకు అంటుకోవడానికి ముందు అందులోని నీరు ఆవిరి కావాలి. దానికి చాలా వేడి ఖర్చవుతుంది.
* తైలం, జిగురు తక్కువగా ఉండాలి.
* ఎండుకొమ్మలు చెట్టును అంటిపెట్టుకొని ఉండరాదు. నేల మీది మంట పైకి ఎగబ్రాకడానికి అవి నిచ్చెనలా ఉపయోగపడతాయి.
* రాలిన ఆకులు గాలి చొరబడకుండా దట్టంగా అణిగి ఉండాలి, లేదా త్వరగా కుళ్ళిపోవాలి.
* స్థానిక నేలకు, వర్షపాతానికి సరిపోవాలి. నీటి ఎద్దడితో ఎండిన చెట్టు ఏ జాతిదైనా ఇంధనమే.

ఉదాహరణలు

స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో 2012 జూన్ చివరలో అండిల్లా వద్ద మొదలైన కార్చిచ్చులో సుమారు 20,000 హెక్టార్లు కాలిపోయాయి. ఆ మంటల దారిలోనే ప్రయోగాత్మకంగా నాటిన మధ్యధరా సైప్రస్ తోట ఒకటి ఉంది. అందులోని 946 సైప్రస్ చెట్లలో 12 మాత్రమే అంటుకున్నాయి. ఆకులలోని అధిక తేమ, చెట్ల క్రింద తేమను పట్టి ఉంచే దట్టమైన ఆకుల పొర ఇందుకు కారణాలని పరిశోధకులు వివరించారు.

చైనా దక్షిణ ప్రాంతాలలో పచ్చని ఫైర్ లైన్ల కోసం షిమా సుపర్బా అనే చెట్టును విరివిగా నాటారు. ఇది తేయాకు కుటుంబానికి చెందిన సతతహరిత వృక్షం.

పరిమితులు

పచ్చని పట్టీ ఎదగడానికి సంవత్సరాలు పడుతుంది. బలమైన గాలికి నిప్పురవ్వలు దానిని దాటి ఆవల పడగలవు. పోషణ లేకపోతే మంచి జాతి కూడా ప్రమాదకరమవుతుంది. కంచెగా పెంచిన సైప్రస్ వరుసల లోపల ఎండుపుల్లలు పేరుకుంటే అవి సులభంగా అంటుకుంటాయి. కనుక ఈ చెట్లు అగ్నిమాపక చర్యలకు ప్రత్యామ్నాయం కావు. మంట వేగం తగ్గించి, ప్రజలు తప్పించుకోవడానికీ, సిబ్బంది చేరుకోవడానికీ వ్యవధి కల్పించడమే వాటి ప్రయోజనం.

ఇవి కూడా చూడండి

* కార్చిచ్చు
* యూకలిప్టస్
* సతతహరిత వృక్షాలు