అరుగు ముందర హైవే

అరకు వెళ్లొచ్చిన వాళ్లని ఏం చూశారని అడగండి. బొర్రా గుహలు, బొంగు చికెన్, కాఫీ తోటలు, ఘాట్ రోడ్డు మలుపులు అంటారు. దారిలో దాటిన ఊళ్ల పేర్లు మాత్రం ఒక్కటీ చెప్పలేరు. కారులో పోయేవాళ్లకి అవి కిటికీలో కదిలిపోయే నాలుగు ఇళ్లు, రెండు కోళ్లు, నెత్తిన కట్టెల మోపుతో పక్కకి తప్పుకున్న ఒక ఆడమనిషి. ఆ ఇళ్లలో ఉండేవాళ్లకి మాత్రం ఆ రోడ్డే వాకిలి. చోళ్లు ఆరబోసేదీ, సాయంత్రం కబుర్లకి కూర్చునేదీ, పిల్లలు బడికి నడిచేదీ అక్కడే.

మన కొండల మీదుగా బయటివాళ్లు పోవడం కొత్తేమీ కాదు. రైళ్లు, లారీలు రాకముందు బంజారాలు వందల ఎడ్ల మీద ఉప్పు వేసుకుని, కనుమలెక్కి జయపురం, బస్తరు వైపు వెళ్లేవారు. తిరుగు దారిలో ధాన్యం, అడవి సరుకు దించేవారు. అదీ ఊళ్ల మధ్య నుంచి పోయే రాకపోకే. కాకపోతే ఎద్దు నడిచినంత వేగమే. పసిపిల్ల అడ్డం వస్తే ఎద్దు తనంతట తానే ఆగుతుంది.

ఇంగ్లీషు వాళ్లకి అంత నిదానం సరిపోలేదు. 1839లో ప్రత్యేక చట్టం చేసి ఈ కొండలని కలెక్టరు చేతిలో పెట్టారు. కలెక్టరుని గవర్నరు గారి ‘ఏజెంటు’ అన్నారు. మనం ఇప్పటికీ ‘ఏజెన్సీ’ అంటున్నది ఆ మాట మిగిల్చినదే. అధికారులు, పోలీసులు కొండెక్కాలి, కలప దిగాలి. అందుకు రోడ్లు కావాలి. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించాడు. రాళ్లు కొట్టింది, మట్టి మోసింది కొండవాళ్లే. బలవంతపు చాకిరీ, సరిగా చేతికి రాని కూలి. పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టాల మీద కడుపుమంట అప్పటికే ఉంది, దానికి ఈ రోడ్డు పని తోడైంది. గాం గంటం దొర, మల్లు దొర సోదరులకి బాస్టియన్‌తో నేరుగానే తగాదా ఉండేది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. పరీక్షల కోసం ఈ తేదీలు మనమంతా బట్టీ పట్టినవే. తుపాకులు, బాణాలు గుర్తుంటాయి గానీ, ఆ కోపంలో కొంత ఒక రోడ్డు గురించేనని ఎవరూ చెప్పరు. తాము వాడుకోని దారిని, తమ ఒళ్లు హూనం చేసుకుని, ఇంకొకరి అవసరానికి వెయ్యాల్సి వచ్చింది. ఆ పని పొలానికీ ఇంటికీ మగవాళ్లని దూరం చేస్తే, ఇంటి దగ్గర పోడు చేనూ పిల్లలూ ఎవరి నెత్తిన పడ్డాయో మనకి వేరే చెప్పాలా!

తర్వాత 1960లలో కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి, అక్కణ్ణించి జపానుకి చేరాలని వేసిన లైను అది. మనం మురిసిపోయే సొరంగాలన్నీ ఖనిజం కోసం తవ్వినవే.

ఇప్పుడు జాతీయ రహదారి 516ఈ. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం. ఈ పేర్లు ఒకసారి పైన చదివిన పేర్లతో పోల్చుకోండి. వందేళ్ల కిందట ఏ ఊళ్లు రోడ్డు పని మీద మండిపడ్డాయో, వాటి మీదుగానే రెండు వరుసల రోడ్డు. మంచి రోడ్డు వద్దని ఏ తల్లీ అనదు. అంబులెన్సు రావాలి, బస్సు రావాలి. అదే జిల్లాలో లోపలి గూడేలకి దారి లేక, నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ చూస్తున్నాం. రోడ్డు కావాల్సిన చోట లేదు, ఉన్నచోట నడవనివ్వదు.

చలికాలం వస్తే విశాఖ నుంచి తెల్లవారకముందే కార్లు బయల్దేరతాయి. పొద్దుగూకేలోపు దిగిపోవాలని తిరుగు ప్రయాణంలో ఇంకా తొందర. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి మండలం డముకు దగ్గర హైదరాబాదు యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు పోయారు. అలాంటివి పేపర్లో పెద్దక్షరాల్లో వస్తాయి. ఊరి రోడ్డు మీద దెబ్బ తిన్న మేక గానీ, కాలు విరిగిన ముసలమ్మ గానీ రారు.

లెక్క చూడండి. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 16 మీటర్లకి పైనే. పిల్లాడు కనబడి కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపే కారు రెండు మూడు ఇళ్లు దాటేస్తుంది. 30లో ఉంటే అందులో సగమే.

మరి స్పీడు బ్రేకరు వెయ్యొచ్చు కదా అంటాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దానికి కొలతలు ఎప్పుడో ఇచ్చింది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వీపు. 25 వేగంతో వస్తే కుదుపు లేకుండా దాటొచ్చు. మన ఊళ్లలో వేసే నిట్రమైన గట్లకి దీనితో పోలికే లేదు, అవి బండి మీద వెనక కూర్చున్న ఆడవాళ్ల నడుములు విరగ్గొట్టడానికే పనికొస్తాయి. ఇక్కడే ఒక మెలిక ఉంది. జాతీయ రహదారుల మీద స్పీడు బ్రేకర్లు ఉండకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నియమం. అంటే ఊరి దారికి హైవే హోదా రాగానే, ఆ ఊరివాళ్లకి ఉన్న ఒక్క ఆసరా కూడా చట్టం దృష్టిలో తప్పవుతుంది.

నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద మూడు వేలకి పైగా చనిపోతే, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్య ఆపండి’ అని తల్లిదండ్రులు వీధులకి అడ్డం కూర్చున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పేటలో పిల్లలే వీధి మూసేశారు. డెల్ఫ్ట్ ఊరివాళ్లు అంతకుముందే ఇళ్ల ముందు చెట్లు, బెంచీలు పెట్టి కార్లు నెమ్మదించేలా చేసుకున్నారు. 1976లో ప్రభుత్వం దాన్ని చట్టంలోకి తీసుకుంది. ముందు జనం, తర్వాత చట్టం.

మన ఏజెన్సీకి అలాంటి చట్టం చేతిలోనే ఉంది. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకి పెద్ద పీట వేసింది. ఊరి మొదట్లో రోడ్డు సన్నబడాలా, రంబుల్ స్ట్రిప్పులు ఎక్కడ పడాలి, బడి ముందు ఎంత వేగం అన్నది అక్కడ తీర్మానం చేసి కలెక్టరు గారికి పంపొచ్చు. ఆ సభలో ఆడవాళ్లు మాట్లాడితే, రోడ్డు ఎక్కడెక్కడ దాటాలో వాళ్లకి తెలిసినంత ఏ ఇంజనీరుకీ తెలియదు. నీళ్లకీ, కట్టెలకీ, సంతకీ రోజూ దాటేది వాళ్లే.

ఈ చలికాలం మీరు వెళ్తుంటే, స్టీరింగు దగ్గర ఎవరున్నా పక్క సీటులో సాధారణంగా ఉండేది మనమే కదా. వారపు సంత ఉన్న రోజు సాయంత్రం తట్టలతో, పిల్లలతో జనం రోడ్డు అంచునే ఇళ్లకి నడుస్తారు. బడి విడిచే వేళ కూడా ఇంచుమించు అదే. ఘాట్ దిగే తొందర మొదలయ్యేదీ అప్పుడే.