పడని పదార్థాల వంశావళి

"నాకు వంకాయ పడదు" అని ఎవరైనా అంటే తెలుగువారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. మా చెన్నూరులో ఎండురొయ్యలు పడనివారున్నారు, పల్లీలు పడనివారున్నారు, వయ్యారిభామ పూసిందంటే తుమ్ములతో సతమతమయ్యేవారూ ఉన్నారు. ఇద్దరు మనుషులకు పొసగకపోయినా మనం వాడేది ఆ క్రియనే. దోషం పదార్థానిదా, దేహానిదా అని ఆ మాట తేల్చదు. రెంటి నడుమ ఉన్నదంటుంది. వైద్యశాస్త్రం ఈ భావానికి పేరు పెట్టుకున్నది 1906లో. వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే రెండు గ్రీకు మాటలను సంధించి 'అలెర్జీ' అన్నాడు. అన్యథా ప్రతిక్రియ అని తాత్పర్యం.

1921లో ప్రౌస్నిట్స్, కూస్ట్‌నర్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు ఒక సాహసం చేసినారు. కూస్ట్‌నర్‌కు వండిన చేప పడదు. ఆయన రక్తరసాన్ని ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకొని, మరునాడు ఆ చోటనే చేపసారాన్ని ఎక్కించుకున్నాడు. అక్కడ దద్దురు లేచింది. అంటే కారణంలో సగం రక్తంలో ఉన్నదన్నమాట. అది ఐజీఈ అనే ప్రతిరక్షకమని తెలియడానికి మరి నలభై యేళ్ళకు పైగా పట్టింది.

మిగిలిన సగం పదార్థంలోనిది. అది చాలావరకు ఏదో ఒక మాంసకృత్తు. మాంసకృత్తు అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చిన మాల. మన వర్ణమాల కంటె చిన్నది గాని, దానితో సమకూరే పదాలకు లెక్కలేదు. వీటి చుట్టరికాలు తేల్చే పద్ధతి భాషా పండితులకు కొత్తది కాదు. 1816లో ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వ్యాఖ్యలో తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన నిలిపి, ఇవి ఒక కుటుంబపు భాషలని చూపినాడు. లిపి చూసి కాదు, ధాతువు చూసి.

1989లో వియన్నాలోనే హైమో బ్రైటెనెడర్ బృందం భూర్జవృక్షపు పుప్పొడిలోని ప్రధాన అలెర్జీకారకపు జన్యువును చదివింది. (మన పూర్వులు హిమాలయాలలో ఏ చెట్టు బెరడు మీద గ్రంథాలు రాసుకున్నారో, ఆ ప్రజాతి చెట్టే ఇది.) దాని పోలిక ఎక్కడ తేలింది? బఠానీ మొక్క తెగులును ఎదిరించే వేళ పనిచేసే ఒక జన్యువులో! యాపిల్ పండులోనూ ఈ కుటుంబపు మాంసకృత్తే ఉన్నది. భూర్జపు పుప్పొడికి తుమ్మే ఐరోపావాసికి యాపిల్ కొరికితే నోరు దురదపెట్టడంలో వింత లేదు.

మన దేశపు కథ మరింత రసవత్తరం. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పి.వి. సుబ్బారావు, కె.ఎన్. శాంతి ప్రభృతులు 1993లో రొయ్యలోని ప్రధాన అలెర్జీకారకం ట్రోపోమయోసిన్ అనే కండర మాంసకృత్తు అని నిరూపించినారు. ఎంత ఉడికించినా దాని గుణం పోదు. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలోని ట్రోపోమయోసిన్‌తో దానికి దగ్గరి పోలిక. బొద్దింకలోనూ, పరుపుల దుమ్ములోని నలుసంత పురుగులోనూ ఉన్నది దాని దాయాదే. రొయ్య తినేవారికి ఈ బాంధవ్యం రుచించదు గాని, దుమ్ముకు ఆయాసపడే కొందరికి రొయ్య పడకపోవడానికి మూలం ఇక్కడ ఉన్నది. మరి మేకమాంసంలో ట్రోపోమయోసిన్ లేదా? ఉన్నది. మన కండరాలలోనూ ఉన్నది. మేకది మనదానికి మరీ దగ్గరి చుట్టం కనుక దేహం దానిని పరాయిదని ఎంచదు.

ఈ పదార్థాలకు నామకరణ విధి ఒకటున్నది. లాటిన్ ప్రజాతి నామంలో మూడక్షరాలు, జాతి నామంలో ఒకటి, ఆపైన ఒక సంఖ్య. మన పోపుడబ్బాలోని ఆవాలది 'బ్రా జె 1', నువ్వులది 'సెస్ ఐ 1', పల్లీలది 'ఆరా హెచ్ 2'. పేరు ఊరు చెబుతుందే గాని వంశం చెప్పదు. ఈ మూడూ విత్తనాలు దాచుకునే 2ఎస్ ఆల్బుమిన్ అనే ఒకే కుటుంబానివని పేరు చూసి ఎవరనుకుంటారు? ఆ వంశావళిని 2008లో కూర్చినది మళ్ళీ వియన్నావారే. రాడవర్, బ్రైటెనెడర్ మొదలైనవారు 707 అలెర్జీకారకాలను పోల్చి చూస్తే అవి 134 కుటుంబాలలో ఇమిడిపోయినవి. అప్పటికి తెలిసిన మాంసకృత్తు కుటుంబాలు తొమ్మిది వేల పైచిలుకు. వాటిలో నూటికి రెండు వంతులలోనే ఈ బెడద అంతా ఉన్నది.

అయితే చుట్టరికం ఉన్నంత మాత్రాన పత్యం పెట్టరాదు. పల్లీలు పడని పిల్లవానికి రక్తపరీక్షలో కంది, పెసర కూడా తగలవచ్చు. తింటే ఏమీ కాకపోవచ్చు. పరీక్ష కాగితం చూసి పప్పులన్నీ మాన్పించిన ఇళ్ళు నేనెరుగుదును. పప్పు మానితే ఆ పిల్లవానికి బలమెక్కడిది?

వయ్యారిభామ సంగతి చెప్పి ముగిస్తాను. 1950లలో పుణె వద్ద గుర్తించిన ఈ అమెరికా కలుపు ఇప్పుడు మన చేలగట్ల నిండా ఉన్నది. దాని ఆకు తగిలితే వచ్చే చర్మరోగానికి పార్థెనిన్ కారణం, అది మాంసకృత్తు కాదు. తుమ్ములకు కారణం పుప్పొడిలోని మాంసకృత్తులు. 1993లోనే శ్రీరామారావు, సుబ్బారావు గార్లు దీనిని అమెరికాలోని రాగ్‌వీడ్ పుప్పొడితో పోల్చినారు. రాగ్‌వీడ్‌ను ఎన్నడూ ఎరుగని మన రోగుల చర్మం కూడా దానికి స్పందించింది. ఒకదానికి అలవడిన దేహం రెండవది పెరిగే దేశానికి వెళ్ళినా బాధపడవచ్చునని వారు హెచ్చరించినారు. అక్కడ రాగ్‌వీడ్ పూసేది ఆగస్టు మొదలు అక్టోబరు దాకా. మన పిల్లలు పైచదువులకు విమానం దిగేదీ ఆ రోజులలోనే.