ఫహాహీల్‌లో రాత్రి రెండున్నర

జూన్ నెల. కువైట్‌లోని ఫహాహీల్‌లో మక్కా స్ట్రీట్ వెనక ఇరుకు ఫ్లాటు. అలాంటి ఒక తెలుగింటికి మీరు చుట్టపుచూపుగా వచ్చారనుకోండి. ఏసీ హోరు. కిటికీ తెర జరిపితే దూరంగా రిఫైనరీ దీపాలు. వీధి తలుపుకు పిల్లవాడి చెయ్యి అందనంత ఎత్తున గొళ్లెం, ఫ్రిజ్‌కు తాళం. హాల్లో ఐదేళ్ల బాబు వేలు తడిచేసుకుంటూ పుస్తకం పేజీలు చకచకా తిప్పేస్తున్నాడు. మిమ్మల్ని చూసి సంతోషం పట్టలేక తన చేతులతో తననే గట్టిగా హత్తుకున్నాడు. కంట్లో నిద్ర ఛాయ లేదు.

ఫోనులో ఐమో కాల్ మోగింది. ఊళ్లో, రాయచోటిలో అప్పుడు తెల్లవారుజాము ఐదు. బాబు జేజి లేచేసింది.

"ఇంకా పండుకోలేదా బిడ్డ? దిష్టి తగిలింటాది. మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వెయ్యి."

"మొన్న గూడా తీసినా అత్తా," అంది బాబు వాళ్లమ్మ.

లోపలి గదిలో వాళ్ల నాన్న దిండు తలమీద వేసుకుని పడుకున్నాడు. వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని నిషేధం కదా, కంపెనీ బస్సు తెల్లారకముందే వస్తుంది. మూడుంబావుకు ఫజర్ అజాన్ వినబడింది. బాబు ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నం చూడండి. పప్పన్నం ముద్ద నోట్లో ఉండగానే కంచం మీదికి వాలిపోయాడు. లేపితే కేకలు, చెయ్యి కొరుక్కోవడం. పక్కింటివాళ్లు దీన్ని పెంకితనం అంటారు. కాదు.

దీని పేరు స్మిత్-మెజెనిస్ సిండ్రోమ్. 17వ క్రోమోజోములో చిన్న ముక్క, అందులోని ఆర్ఏఐ1 జన్యువు లోపించడం వల్ల చాలామందిలో వస్తుంది. 15,000 నుంచి 25,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. చాలావరకు కొత్తగా పుట్టే లోపమే, అమ్మానాన్నల తప్పేమీ లేదు. మనకు నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి తొమ్మిదికి మొదలై వేకువజామున మూడున్నరకు పతాకస్థాయికి చేరుతుంది. ఈ పిల్లల్లో పొద్దున ఆరింటికి మొదలై మిట్టమధ్యాహ్నం పొంగుతుందని 2001లో ఫ్రెంచి వైద్యులు కొలిచి చూపించారు. అంటే అందరూ అన్నం తినే వేళ వాడికి నడిరేయి. పగటి మెలటోనిన్‌ను ఆపేందుకు పొద్దున ఎసిబ్యుటలాల్ అనే బీపీ మాత్ర, సాయంత్రం మెలటోనిన్ ఇచ్చి వాళ్లే నిద్రను కొంత దారిలో పెట్టారు. 2020 డిసెంబరులో అమెరికా ఈ జబ్బులో రాత్రి నిద్రలేమికే టాసిమెల్టియాన్‌ను అనుమతించింది. ఏదైనా వైద్యుడి చేతిమీదుగానే.

దిష్టి తీస్తే తియ్యండి, తప్పులేదు. కానీ బిడ్డ మాట ఆలస్యమై, నిద్ర ఇలా తలకిందులైతే రెండు వారాలు పడుకున్న, లేచిన వేళలు రాసిపెట్టి డాక్టరుకు చూపండి. క్రోమోజోమల్ మైక్రోఅర్రే పరీక్ష గురించి అడగండి. సెలవుకు ఊరొచ్చినప్పుడు చూపించడానికి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.