చెంప కణాల్లో పొగాకు జాడ: ఒక పరీక్ష చరిత్ర

దక్షిణ భారతంలో నమిలే పొగాకుకూ నోటి క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని వైద్యులు కణాల దాకా వెళ్లకముందే, రోగుల నోళ్లు చూసే గ్రహించారు. తిరువాన్కూరు సంస్థానంలో తాంబూలం నమిలేవారికి వచ్చే నోటి క్యాన్సరుపై ఐ. ఎం. ఓర్ 1933లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసం అటువంటిది. మెహతా, పిండ్‌బోర్గ్ బృందం 50,915 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి 1969లో ప్రకటించిన సర్వేలో శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది. చుట్ట నిప్పు కొసను నోటి లోపల ఉంచుకొని కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్న ఆ ప్రాంతంలో దెబ్బ ప్రధానంగా అంగిలి మీద కనిపించేది. అయితే ఇవన్నీ కంటికి కనిపించే మచ్చలూ పుండ్లూ, అంటే ఏళ్ల తరబడి సాగిన హాని చివరికి బయటపడిన రూపాలు.

అంతకన్నా ముందే, ఒక్కొక్క కణంలో ఆ హానిని చూడడానికి దారి చూపినది సూక్ష్మకేంద్రకం. కణం విభజన చెందేటప్పుడు తెగిన క్రోమోజోము ముక్క గానీ, దారి తప్పిన పూర్తి క్రోమోజోము గానీ ప్రధాన కేంద్రకంలో చేరలేకపోతే, దాని చుట్టూ వేరుగా పొర ఏర్పడి, పెద్ద కేంద్రకం పక్కనే ఒక చిన్న గుండ్రని చుక్కగా మిగులుతుంది. 1959లో ఇవాన్స్, నియరీ, విలియమ్సన్ రేడియేషన్ దెబ్బను లెక్కించడానికి బ్రాడ్ బీన్ మొక్క వేళ్లలో ఈ చుక్కలనే వాడుకున్నారు; 1970లలో ష్మిడ్, హెడిల్ వంటివారి కృషితో అది ఎలుకల ఎముక మజ్జపై చేసే పరీక్షగా స్థిరపడింది.

దానిని మనిషి నోటికి తెచ్చిన ఘనతలో పెద్ద భాగం కెనడాలోని వాంకూవర్‌లో పనిచేసిన హాన్స్ స్టిక్‌ది. చెంప లోపలి పొరలో అడుగు వరుస కణాలు మాత్రమే విభజన చెందుతాయి; అవి క్రమంగా పైకి జరిగి, కొన్ని రోజుల నుంచి మూడు వారాల లోపు ఉపరితలానికి చేరి రాలిపోతాయి. అడుగున జరిగిన దెబ్బ ఆ విధంగా పైకి వస్తుంది గనుక, సూది గుచ్చకుండా చెంపను మెల్లగా గీరి తీసిన కణాలను గాజు పలకపై పరిస్తే చాలు. 1982లో కర్టిస్, పరీదాలతో కలిసి పొగాకు నమిలేవారిపై ఆయన ప్రచురించిన అధ్యయనం ఈ పద్ధతికి పునాది. 1992లో పరీదా, బ్రూనెమాన్‌లతో కలిసి అడ్డపొగ తాగేవారిలోనూ, ఖైనీ నమిలేవారిలోనూ, పొగాకు ముద్దగా వాడే గుడాఖు వినియోగదారులలోనూ సూక్ష్మకేంద్రకాలు పొగాకు లేదా పొగ తగిలే చోట్లకే పరిమితమై ఏర్పడడాన్ని ఆయన చూపించారు. అదే అధ్యయనంలో లాలాజలంలోని పొగాకు నైట్రోసమీన్లను, అంటే ఆకును ఆరబెట్టి మాగబెట్టేటప్పుడు నికోటిన్ వంటి క్షారాల నుంచి పుట్టే క్యాన్సరు కారకాలను కూడా కొలిచారు. పూర్వ వైద్యులు పుండు ఉన్న చోటును బట్టి ఊహించినదానికి కణాల నుంచే సాక్ష్యం దొరకడం ఈ చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం.

పరీక్ష చూడడానికి సులువే గానీ, తప్పుడు లెక్కకు ఆస్కారం చాలా ఎక్కువ. నిత్యం పొగాకు ఒరుసుకునే చెంపలో పొర గట్టిపడి కెరాటిన్ రేణువులు పెరుగుతాయి; గీమ్సా వంటి సాధారణ రంగు వేస్తే ఆ రేణువులూ, నోటి బాక్టీరియా కూడా సూక్ష్మకేంద్రకాల్లాగే కనిపిస్తాయి. అంటే ఎవరిలో నిజమైన లెక్క అవసరమో వారిలోనే అది తప్పే ప్రమాదం ఉంది. అందుకే 1924లో రూపొందిన, డీఎన్ఏకు మాత్రమే అంటుకునే ఫాయిల్గన్ రంగును నిపుణులు గట్టిగా కోరుతారు. 1992లో టాల్బర్ట్ బృందం, చుక్క వ్యాసం ప్రధాన కేంద్రకంలో మూడో వంతుకు మించకూడదన్న నియమంతో పాటు, చనిపోతున్న కణాల్లో చిట్లిన కేంద్రకాలను వేరుగా లెక్కించే పద్ధతినీ నిర్దేశించింది. ఈ నియమాలు పాటించని అధ్యయనాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం సమంజసం కాదు. 2011లో 5,424 మంది సమాచారాన్ని కలిపి చేసిన పునర్విశ్లేషణలో సహజస్థాయి వెయ్యి కణాలకు సుమారు 0.74 మాత్రమేనని తేలింది. అంత అరుదైన చుక్కల లెక్కలో ఒకటి రెండు పొరపాట్లు కూడా ఫలితాన్ని తలకిందులు చేయగలవు.

ఈ చుక్కల లెక్క మీద ఆశలు కూడా పెరిగాయి. తాంబూలం, పొగాకు నమిలేవారికి విటమిన్ ఎ, బీటా కెరోటిన్ ఇస్తే సూక్ష్మకేంద్రకాలు తగ్గాయని స్టిక్ బృందం 1984లో లాన్సెట్‌లో ప్రకటించింది. తరువాత కేరళలోనూ ఈ ప్రయోగాలు జరిగాయి. కానీ అక్కడ 1997లో ప్రచురితమైన పరీక్షలో, విటమిన్ ఎ వల్ల నోటి తెల్లమచ్చలు మాయమైన వారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి మందు ఆపాక అవి తిరిగి వచ్చాయి. 1994లో ఫిన్లండ్ ప్రయోగంలో బీటా కెరోటిన్ తీసుకున్న పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు పెరిగింది కూడా. చుక్కలు తగ్గినంత మాత్రాన క్యాన్సరు ముప్పు తొలగినట్లు కాదు. ఈ పరీక్ష ఇటీవలి వారాల్లో ఒక జనసమూహం చెంపకు పొగాకు చేసిన హానిని చెప్పగలదు గానీ, ఒక వ్యక్తికి క్యాన్సరు వస్తుందో రాదో చెప్పలేదు.