హజర్ పర్వతాలు: ఎడారి అంచున నీటి పంపకం



నేడు ఈ మస్జిదులో కూర్చున్నవారిలో ఒమాన్ దేశానికి పనికి వెళ్లి వచ్చినవారు కొందరున్నారు. ఇంకా అక్కడే ఉన్న కొడుకుల కోసం, తమ్ముళ్ల కోసం ప్రతి నమాజు తరువాత చేతులెత్తి దుఆ చేసేవారు అంతకంటే ఎక్కువమంది. మస్కట్ అనే పేరు మన ఇళ్లలో పక్క ఊరి పేరులా పలుకుతుంది. కానీ ఆ నగరం వెనుక గోడలా నిలిచిన నల్లని కొండల గురించి అడిగితే, "ఎండకు కాలే రాళ్లు, ఇంకేముంది?" అని వెళ్లివచ్చినవారే ఒక్క మాటలో తేల్చివేస్తారు. ఆ రాళ్లకు చరిత్ర ఉంది. ఈ వారం దానిని మీ ముందుంచాలని మేము సంకల్పించాము.

ఆ పర్వతాల పేరు హజర్. అరబీలో హజర్ అంటే రాయి. హజరె అస్వద్ అనే మాటలో మనకు తెలిసిన హజర్ ఇదే. ఉత్తరాన హొర్ముజ్ జలసంధిలోకి చొచ్చుకుపోయిన ముసందం నుండి ఆగ్నేయాన సూర్ పట్టణం దాపు వరకు సుమారు 700 కిలోమీటర్ల మేర అవి విల్లులా వంగి ఉంటాయి. వాటికి ఒకవైపు బాతినా తీరమైదానం, సముద్రం. మరొకవైపు ఇసుక: నైరుతి దిక్కున రుబ్ అల్ ఖాలీ, దక్షిణాన షర్ఖియా ఇసుకతిన్నెలు. రుబ్ అల్ ఖాలీ అంటే ఖాళీగా ఉన్న నాలుగవ వంతు. మనం తెలుగులో 'ఖాళీ' అనే మాట కూడా ఆ అరబీ మాటే. ఈ శ్రేణిని నడుమ సమాయిల్ కనుమ రెండుగా చీలుస్తుంది. మస్కట్ నుండి నిజ్వా వెళ్లే దారి దాని గుండానే సాగుతుంది. శిఖరాలలో ఎత్తయినది జబల్ షమ్స్, అనగా సూర్యుని కొండ. ఎత్తు దాదాపు 3,000 మీటర్లు. దానికి తూర్పున జబల్ అఖ్‌దర్, పచ్చని కొండ. అక్కడి మెట్ల పొలాలలో దానిమ్మ, గులాబి పండిస్తారు. ఎడారి అంచున గులాబి తోటలా అని ఆశ్చర్యపడేవారికి సమాధానం మున్ముందు వస్తుంది.

ఆ కొండలలో నల్లగా, ముదురు ఆకుపచ్చగా కనిపించే రాయి చాలావరకు ఒకనాటి సముద్రపు అడుగుభాగం. సుమారు తొమ్మిదిన్నర కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపలి ఒత్తిడికి సముద్రతలపు పెంకు అరేబియా భూఖండం అంచు మీదికి ఎక్కి కూర్చున్నదని భూవిజ్ఞానులు చెబుతారు. సముద్రగర్భంలో మునిగి చూడవలసిన రాళ్లను పొడినేల మీద నడుస్తూ చూడవచ్చు గనుక ప్రపంచం నలుమూలల నుండి పండితులు అక్కడికి వస్తారు. ఆ రాతిలోనే రాగి ఉంది. నాలుగు వేల సంవత్సరాలకు పూర్వమే ఇరాఖ్ నేలమీది నగరాలకు మగన్ అనే దేశం నుండి రాగి వెళ్లేదని అక్కడి మట్టిపలకలు తెలుపుతున్నాయి. ఆ మగన్ ఈ ప్రాంతమేనని చరిత్రకారుల అభిప్రాయం.

రాగి కంటే విలువైనది నీరు. లోపలి మైదానాలలో సంవత్సరానికి కురిసే వాన వంద మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఎత్తయిన కొండల మీద దాదాపు 300. మన అనంతపురం జిల్లాను కరువుసీమ అంటాము. అక్కడ కురిసే వాన దీనికి దాదాపు రెట్టింపు. ఆ కొద్దిపాటి నీరు కొండ పగుళ్లలోకి, వాగుల కంకరలోకి ఇంకిపోతుంది. దానిని పైకి తోడకుండా, పశువులతో లాగించకుండా, నేల వాలునే ఆధారం చేసుకొని ఊరిదాకా నడిపించే సొరంగ కాలువను ఒమానీలు 'ఫలజ్' అంటారు. బహువచనం 'అఫ్లాజ్'. కొండ పాదాన తల్లిబావి తవ్వుతారు. అక్కడి నుండి స్వల్పమైన వాలుతో సొరంగం సాగుతుంది. గాలి కోసం, మట్టి తీయడం కోసం దారి పొడవునా నిలువు గుంటలు ఉంటాయి. వాగు అడ్డువస్తే దాని కిందుగా నీటిని దింపి, ఆవలి ఒడ్డున మళ్లీ పైకి తెప్పిస్తారు. ఇలాంటి సొరంగపు ఫలజ్‌ను 'దావూదీ' అంటారు. దావూద్ కుమారుడు సులైమాన్ (అలైహిస్సలాం) జిన్నుల చేత వీటిని తవ్వించారని జనశ్రుతి. దానిని మేము జనశ్రుతిగానే చెబుతున్నాము. ఉలి పట్టిన చేతులు మనుషులవే.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఫలజ్ అనే పదం పుట్టిన ధాతువుకు చీల్చుట, పంచుట అని అర్థం. కాలువకు ఆ పేరు రావడం ఎంతో ఉచితం, ఎందుకంటే తవ్వడం కంటే పంచడమే అక్కడ పెద్ద విద్య. నీరు వెలుగులోకి వచ్చిన చోట మొదట తాగునీరు. దానిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, బాటసారి అయినా సరే. ఆ తరువాత వుజూ, స్నానఘట్టాలు. తరువాత ఖర్జూర తోటలు. మిగిలితేనే ఏడాది పంటలు. తోటల వంతును ఎకరాలతో కాక కాలంతో కొలుస్తారు. ఒక 'అసర్' అంటే ఇంచుమించు అరగంట నీరు. పగలు నాటిన కర్ర నీడను బట్టి, రాత్రి నక్షత్రాల ఉదయాస్తమయాలను బట్టి వంతు మారేది. ఇప్పుడు చాలాచోట్ల చేతి గడియారాలు. కొన్ని వంతులు మస్జిదుకు, మద్రసాకు వక్ఫ్ అయి ఉంటాయి. మరికొన్నింటిని వేలం వేసి, వచ్చిన సొమ్ముతో కాలువ మరమ్మతు చేస్తారు. భూమిని వక్ఫ్ చేయడం మనం చూశాము. అరగంట ప్రవాహాన్ని వక్ఫ్ చేయడం గురించి మొదటిసారి చదివినప్పుడు మేము పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాము.

హిజ్రీ 8వ సంవత్సర ప్రాంతంలో దైవప్రవక్త (సల్లం) లేఖ తీసుకొని అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఈ దేశానికి వచ్చారు. జులందా కుమారులైన జైఫర్, అబ్ద్ అనే సోదరులు అప్పటి పాలకులు. వారు ఇస్లాం స్వీకరించారు. అమ్ర్ అక్కడే ఉండి ధనికుల నుండి జకాత్ వసూలు చేసి అక్కడి పేదలకే పంచారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. తరువాతి కాలంలో ఆ ప్రజలు ఇబాదీ మార్గాన్ని అనుసరించి, తమ ఇమామ్‌ను తామే ఎన్నుకొని, కొండలకు ఈవలి నిజ్వాను కేంద్రంగా చేసుకున్నారు. వారి గురించి మన మద్రసాలలో చదివేది చాలా తక్కువ. చదివినది కూడా ఎక్కువగా ఇతరులు రాసినదే.

తొమ్మిదవ శతాబ్దంలో సల్త్ బిన్ మాలిక్ అనే ఇమామ్ సుమారు 35 సంవత్సరాలు పాలించారు. వృద్ధుడైన ఆయనను 886లో పదవి నుండి దింపివేశారు. దింపినది సరియా కాదా అన్న వాదం పండితులతో మొదలై తెగలకు పాకింది. నిజారీ తెగలు ఒకవైపు, యమనీ తెగలు మరొకవైపు. చివరకు ఓడినవారు కొండలు దాటి వెళ్లి అబ్బాసీ ఖలీఫా తరఫున బహ్రైన్‌ను ఏలుతున్న ముహమ్మద్ బిన్ నూర్‌ను పిలుచుకు వచ్చారు. హిజ్రీ 280లో, అనగా 893లో, అతడు సైన్యంతో వచ్చి మనుషుల చేతులు, చెవులు కోయించాడు, గ్రంథాలను తగులబెట్టించాడు, ఫలజ్‌లను పూడ్పించాడు. ఈ సొరంగాలను తవ్వడానికి తరాలు పడుతుంది, పూడ్చడానికి కొద్ది రోజులు చాలు. పూడ్చినవాడూ కలిమా చదివినవాడే. అతనికి దారి చూపినవారు ఆ నీరే తాగి పెరిగినవారు. చరిత్ర చెప్పేటప్పుడు ఈ భాగాన్ని దాటవేయడం కొందరికి అలవాటు. మేము దాటవేయము.

తరువాతి శతాబ్దాలను క్లుప్తంగా చెబుతాము. 1507లో పోర్చుగీసువారు మస్కట్‌ను పట్టుకొని తీరంలో పాతుకుపోయారు. కొండల లోపలి ప్రాంతాలు మాత్రం వారి చేతికి చిక్కలేదు. 1624లో రుస్తాఖ్‌లో నాసిర్ బిన్ ముర్షిద్‌ను ఇమామ్‌గా ఎన్నుకొన్న తరువాత తెగలు ఒక్కటయ్యాయి. ఆయన వారసుడు సుల్తాన్ బిన్ సైఫ్ 1650లో మస్కట్‌ను విడిపించాడు, నిజ్వా కోటను కట్టించాడు. ఆ యఆరిబా వంశపు ఇమామ్‌లే పూడిపోయిన ఫలజ్‌లను బాగుచేయించి కొత్తవి తవ్వించారు. రేవును గెలిచిన సొమ్ము కొండ పాదాన నీరై పారింది. అయితే పద్దెనిమిదవ శతాబ్దంలో వారసత్వ వివాదం రేగి మళ్లీ అంతర్యుద్ధం, మళ్లీ బయటివారికి పిలుపు. ఈసారి వచ్చింది ఇరాన్ సైన్యం.

మన కాలంలో ఫలజ్‌కు వచ్చిన ముప్పు సైన్యం కాదు, మోటారు. 1970ల తరువాత పంపులు పెరిగాయి. బాతినా తీరంలో తోడిన కొద్దీ సముద్రపు ఉప్పునీరు నేలలోకి చొచ్చుకువచ్చింది. నాలుగు వేలకు పైగా ఫలజ్‌లను లెక్కించగా సుమారు మూడు వేలు మాత్రమే పారుతున్నట్లు తేలింది. 2006లో యునెస్కో ఐదు ఫలజ్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని దారిస్, బిర్కత్ అల్ మౌజ్‌లోని ఖత్మైన్ వాటిలోనివే. ఖత్మైన్ నీరు ఒకచోట మూడు సమాన పాయలుగా చీలుతుంది. మన రాయలసీమలో కూడా పెన్నా, చిత్రావతి ఇసుకలో నుండి ఊటకాలువలు పారేవి. వంతుల ప్రకారం పొలాలు తడిసేవి. బోర్లు వచ్చాక అవి ఏమయ్యాయో మీలో పెద్దవారికి తెలుసు.

నిజ్వా దాపున ఒక తోటలో ఏడేళ్లు పనిచేసి వచ్చిన మన సోదరుడొకరు రమజాన్‌లో ఇఫ్తార్ వేళ మాతో చెప్పిన సంగతి ఇది. ఒక వేసవి సాయంత్రం నిమ్మచెట్లకు నీరు పెడుతున్నారట. వరుసలో సగం చెట్లు ఇంకా తడవలేదు. ముసలి యజమాని గడియారం చూసుకొని, వంగి, మడవకు రాయి అడ్డుపెట్టి గుడ్డతో బిగించాడు. "ఇంకా ఆరు చెట్లున్నాయి బాబా" అని ఇతడన్నాడు. యజమాని పక్క తోటవైపు చేయి చూపాడు. ఆ తోట ఒక వితంతువుది. ఆమె ఊళ్లోనే లేదు, మస్కట్‌లో కూతురి దగ్గర ఉన్నది. నీరు అప్పటికే ఆ గోడ కిందుగా వెళ్లిపోతున్నది.