సాంకేతిక ఉద్యోగాలు: కొన్ని పాత అపోహలు

కాగజ్‌నగర్ అనే పేరులోనే ఒక కర్మాగారపు చరిత్ర ఉన్నది. కాగజ్ అనగా ఉర్దూలో కాగితం. ఆదిలాబాదు అడవులలో కొత్తపేట అనే గ్రామం చెంత 1938లో సిర్పూరు పేపర్ మిల్లు స్థాపితమయినది. 1942 నుండి కాగితం తీయసాగినారు. క్రమంగా ఊరి పేరే మారిపోయినది. అడవిలో వెదురు, సమీపంలో బొగ్గు, పెద్దవాగు నీరు, రైలుమార్గం ఉన్నవి కనుక మిల్లు వచ్చినది. మిల్లు వచ్చినది కనుక దాపున ఉన్నవారికి ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయని అనుకోవడం మొదటి అపోహ.

వెదురును ముక్కలు కొట్టి, క్షారద్రావణంలో ఒత్తిడితో ఉడికిస్తే లిగ్నిన్ అనే బంకపదార్థం విడిపోయి నార మిగులుతుంది. దానిని గుజ్జుగా చేసి, తెల్లబరచి, సన్నని జాలిపై పరచి ఆరబెట్టవలెను. వెదురు నరికి తెచ్చే మనిషి, ద్రావణపు గాఢతను కొలిచే మనిషి, ఇద్దరూ ఆ వెదురుతోనే బ్రతుకుతారు. కాని వారి జీతాలు ఒకటి కావు. నడుమ ఉన్నది బడిచదువు. అట్లని మిల్లుకు రసాయనశాస్త్రజ్ఞులు మాత్రమే చాలరు. బాయిలరు చూచేవారు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, లెక్కలు వ్రాసేవారు కావలెను. సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటే ప్రోగ్రాములు వ్రాసేవారు మాత్రమేనని నేడు అనుకునేవారు ఈ సంగతి గమనించవలెను. వ్రాసిన ప్రోగ్రామును పరీక్షించేవారు, దానిని వాడేవారికి అర్థమయ్యేట్లు వివరించేవారు కూడా అక్కడి ఉద్యోగులే.

ఇక రామగుండం. ఇక్కడి ప్రభుత్వ ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించినది. బొగ్గును ఆక్సిజన్‌తో, ఆవిరితో కలిపి వాయువుగా మార్చి, అందులోని హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో చేర్చి అమ్మోనియాను, దాని నుండి యూరియాను తయారుచేసేవారు. 1999లో అది మూతబడినది. అదే ఊరిలో 2021లో కొత్త కర్మాగారం యూరియా తీయడం మొదలుపెట్టినది. యూరియా అదే, కాని ముడిసరుకు బొగ్గు కాదు, గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు. బొగ్గును వాయువుగా మార్చడం మాత్రమే తెలిసినవానికి అక్కడ పని ఏమున్నది? పీడనం, ఉష్ణోగ్రత, రసాయనచర్యల వేగం తెలిసినవానికి మాత్రం రెండు చోట్లా పని ఉన్నది. సింగరేణిలో 1990ల ఆరంభాన లక్షకు మించిన ఉద్యోగులు నేడు సుమారు నలభై వేలకు తగ్గినారు. ఉపరితల గనులు, యంత్రాలు పెరగడమే ముఖ్యకారణం.

కంప్యూటర్ల విషయమూ ఇట్టిదే. 1960లలో యంత్రస్మృతి చాల ఖరీదు. అందుచేత 1967ను 67 అని రెండంకెలతోనే దాచేవారు. 2000 సంవత్సరం సమీపించగా 00 అన్నదానిని యంత్రం 1900గా భ్రమపడగల ప్రమాదం ఏర్పడినది. ఆ పాత ప్రోగ్రాములు చాలవరకు కోబాల్ భాషలో ఉన్నవి. వాటిని దిద్దడానికి మనుషులు కావలసి వచ్చినారు. హైదరాబాదులోని అమీర్‌పేటలో శిక్షణాలయాలు వెలసినవి. తెలుగు యువకులెందరో అమెరికా వెళ్ళినారు. కోబాల్ వస్తే చాలునన్న నమ్మకం పుట్టినది. 2000 గడచినది, దిద్దుబాటు పని తీరినది, 2001లో అమెరికాలో మాంద్యం వచ్చినది. ఒక్క భాషనే కంఠస్థం చేసినవారు చిక్కుపడినారు. తర్కం తెలిసినవారు జావా వంటి మరొక భాషకు మారగలిగినారు.

నేటికీ విద్యార్థులు మొట్టమొదట అడిగే ప్రశ్న: "సార్, ఏ భాష నేర్చుకుంటే ఉద్యోగం వస్తది?" తండ్రులు అడిగే ప్రశ్న ఇంకా బాధాకరమైనది: "ఎంత కడితే వస్తది?" పొలం కుదువపెట్టి మధ్యవర్తులకు ధరావతు కట్టే కుటుంబాలు మన పల్లెలలో లేకపోలేదు. యోగ్యమైన కంపెనీ ఏదీ అభ్యర్థి నుండి డబ్బు పుచ్చుకోదని ఉపాధ్యాయులు వారికి స్పష్టంగా చెప్పవలెను.

కరీంనగరంలో 2020 ఫిబ్రవరిలో ఐటీ టవర్ ప్రారంభమయినది. హైదరాబాదు, బెంగుళూరు పోనిదే ఈ ఉద్యోగాలు లేవన్న మాటను అది కొంత సడలించినది. కాని టవరు నీడలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదు. కొత్తపేట వారికి మిల్లు గొట్టం నీడలో రానట్లే. ఆదిలాబాదు ప్రాంతంలోనే, గోదావరి ఒడ్డున బాసరలో, 2008లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి మార్కులను బట్టి గ్రామీణ విద్యార్థులను చేర్చుకొంటున్నది. అక్కడి ఆరేళ్ళ చదువులో మొదటి రెండేళ్ళు గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, భాషలు నేర్పుతారు. ఇంజనీరింగు శాఖ ఆ తరువాతనే.