మౌలాలి గుట్ట – ఒక ఐతిహ్యం, ఒక వీరవనిత

మన మెట్టుగూడకు ఈశాన్యాన ఉన్నది మౌలాలి గుట్ట. రైల్వే మిత్రులకు మౌలాలి అనగానే స్టేషను, డీజిల్ షెడ్డు గుర్తుకు వస్తాయి. ఉద్యోగకాలంలో నేను ఎన్నోసార్లు ఆ గుట్ట పక్కగా వెళ్ళాను. రిటైరైన తర్వాత తీరిక దొరికి దాని చరిత్ర చదివాను. అందులో కొంత సభ్యమిత్రులతో పంచుకుంటాను.

1578లో కుతుబ్ షాహీల అంతఃపుర సేవకుడు యాకూత్ జబ్బుపడి, గాలి మార్పు కోసం మన లాలాగూడకు వచ్చి ఉన్నాడట. ఒక రాత్రి కలలో పచ్చని దుస్తుల మనిషి వచ్చి అతణ్ణి గుట్టపైకి తీసుకుపోయాడు. అక్కడ హజ్రత్ అలీ ఒక రాతిపై చెయ్యి ఆనించి కూర్చుని ఉన్నారు. తెల్లవారి వెళ్ళి చూస్తే ఆ రాతిమీద చేతిముద్ర కనిపించిందని ఐతిహ్యం. అప్పటి పాలకుడు ఇబ్రహీం కుతుబ్ షా అక్కడ దర్గా కట్టించాడు. ఏటా రజబ్ నెల 17న ఉర్సు జరుగుతుంది.

ఇక యుద్ధాల కాలానికి వద్దాం. రాజ్‌కున్వర్ అనే గర్భిణి ఈ గుట్టకు వచ్చినప్పుడు గర్భస్రావ భయం కలిగి, అలీకి మొక్కుకొని గట్టెక్కిందని చెబుతారు. 1768లో ఆమెకు పుట్టిన బిడ్డే మహ్‌లఖా బాయి చందా. ఉర్దూ కవయిత్రిగా, నర్తకిగా పేరు పొందింది. అంతేకాదు, రెండవ నిజాం వెంట కౌలాస్ (1782), నిర్మల్ (1783), పానగల్లు (1789) యుద్ధాలకు పురుషవేషంలో వెళ్ళింది. నిజాం ఆమెకు జాగీర్లు ఇచ్చాడు. వాటిలో అడిక్‌మెట్ ఒకటి. తరువాతి కాలంలో ఆ నేలమీదే ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్ వెలసింది. మన పిల్లలెందరో చదువుకున్న ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది.

రాజుల పేర్లు పేటలకూ భవనాలకూ నిలిచాయి. యుద్ధభూమికి వెళ్ళిన ఈ కవయిత్రి పేరు మాత్రం తార్నాక చౌరస్తాలో అడిగితే చెప్పేవారు అరుదు. గుట్ట దిగువన తల్లికి ఆమె కట్టించిన సమాధి పక్కనే 1824లో ఆమెనూ ఖననం చేశారు. చాలాకాలం పాడుబడిన ఆ ఆవరణను 2010-11 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సహాయంతో బాగుచేశారు.

మోకాళ్ళ నొప్పులున్నవారు గుట్టమెట్లు ఎక్కనక్కరలేదు, సమాధి కిందనే ఉంది. మనుమలను, ముఖ్యంగా మనుమరాళ్ళను, ఒక ఆదివారం అక్కడికి వెంటబెట్టుకొని వెళ్ళండి. వాళ్ళు చదివే క్యాంపస్ ఒకనాడు ఎవరి జాగీరో మన నోటనే వినాలి.